ద వే వుయ్ వర్ (1973): కేటీ, హబెల్ అసలు ఎందుకు విడిపోయారు?

గుమ్మడిపువ్వు
హబెల్‌గా వేసిన రాబర్ట్ రెడ్‌ఫర్డ్ పోయినప్పటినుంచీ చూడాలి చూడాలి అనుకుంటున్న సినిమా, మొత్తానికి నిన్న రాత్రి చూశాను. సగం దాటేదాకా కన్నార్పలేదు. 1937 కాలేజీ, స్పెయిన్ యుద్ధం మీద కేటీ ఉపన్యాసం, యుద్ధకాలపు న్యూయార్క్, నౌకాదళం తెల్ల యూనిఫారంలో బార్ స్టూలు మీద కూర్చునే నిద్రపోతున్న హబెల్... అన్నీ బ్రహ్మాండం. కథ హాలీవుడ్‌కి చేరాకే నాకు అయోమయం మొదలైంది.

కేటీ వాషింగ్టన్ వెళ్లొచ్చింది. రైల్వే స్టేషన్లో రభస అయింది. ఇద్దరూ అరుచుకున్నారు. అతను పాత స్నేహితురాలు కేరల్ ఆన్‌తో తప్పు చేశాడు. ఇంతవరకూ సరే. ఆ పైన ఉన్నట్టుండి ఆవిడ "బిడ్డ పుట్టేదాకా ఉండు" అంటుంది, ఈయన సరేనంటాడు, బిడ్డ పుడుతుంది, వెళ్లిపోతాడు. అయిపోయింది!

పరాయి ఆడది కారణమైతే అంతసేపు రాజకీయాలు ఎందుకు చూపించినట్టు? రాజకీయాలే కారణమైతే ఆ ముక్క తెరమీద ఏదీ? నేను మధ్యలో కునుకు తీశానేమోనని వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. లేదు. చూసినవాళ్లు చెప్పండి.

ఇంటర్వెల్‌బెల్లు
ఆవిడకి మాట్లాడటం ఇష్టం, ఆయనకి పడవెక్కడం ఇష్టం. విడాకులకి ఇంకేం కావాలి?

పాతరీలు
గుమ్మడిపువ్వు గారూ, మీరు కునుకు తియ్యలేదు. ఆ ముక్క నిజంగానే సినిమాలో లేదు. తీశారు, తర్వాత కోసేశారు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రివ్యూ వేసినప్పుడు ఆఖరి భాగంలో రాజకీయాలు రాగానే జనం సర్దుకు కూర్చోవడం, బయటికి వెళ్లడం దర్శకుడు సిడ్నీ పోలాక్ గమనించాడు. మర్నాడు రాత్రి ప్రివ్యూకల్లా ఆ సీన్లు ఎత్తేసి వేశారు. ఈసారి హాలు కదల్లేదు. అంతే, ఆ కోతలతోనే 1973 అక్టోబరులో విడుదలైంది.

కోసిన వాటిలో అసలైనది ఇది. కాలేజీలో కేటీతో తిరిగిన ఫ్రాంకీ మెక్‌వే గుర్తున్నాడా? (జేమ్స్ వుడ్స్ వేశాడు, అప్పటికి కుర్రాడు.) అతను కమ్యూనిస్టుల్ని వేటాడే ప్రభుత్వ కమిటీ ముందు కేటీ పేరు చెప్పేశాడు. స్టూడియో, తమ సినిమాలకి రాస్తున్న హబెల్‌ని పిలిచి, నీ భార్య కమ్యూనిస్టు, ఆమె కూడా వెళ్లి నాలుగు పేర్లు చెప్పి బయటపడకపోతే నీకిక్కడ పని లేదు అంటుంది. హబెల్ ఇంటికొచ్చి ఆ మాట కేటీకి చెప్తాడు. పేర్లు చెప్పే మనిషి కాదు కదా ఆవిడ. మరి దారేమిటి? విడాకులు తీసుకుంటే హబెల్‌కి "కమ్యూనిస్టు భార్య" ఉండదు. ఆ లెక్క కట్టేదీ, ఆ మాట అనేదీ ఆవిడే.

ఈ సీనుంటే మీ ప్రశ్నే పుట్టదు.

గుమ్మడిపువ్వు
అమ్మో. అంటే అతని ఉద్యోగం నిలబెట్టడానికి ఆవిడే వదిలేసిందా? అయితే నేను చూసింది వేరే సినిమా!

హబెల్‌పార్టీ
ఆగండాగండి. అందుకే వదిలేసింది అని తేల్చెయ్యకండి. అప్పటికే ఆ కాపురం అయిపోయింది. కేరల్ ఆన్ సంగతి ఆ సీను లేకపోయినా ఉంది కదా? ఆ ప్రివ్యూ ప్రేక్షకులు తెలివైనవాళ్లు. ఈ ఇద్దరూ ఏ కాలంలో పుట్టినా, ఏ ఊళ్లో కలిసినా విడిపోయేవాళ్లే. కమిటీ రాకపోతే ఇంకొకటి వచ్చేది. పోలాక్ కోసింది సరిగ్గానే కోశాడు.

పాతరీలు
కేటీగా వేసిన బార్బ్రా స్ట్రైసాండ్‌కి ఆ మాట చెప్పిచూడండి. ఆ కోతల మీద ఆవిడ కోపం అర్ధశతాబ్దం చల్లారలేదు. తన నటనలో తనకి బాగా నచ్చిన రెండు సీన్లు పోయాయని దశాబ్దాలపాటు చెబుతూనే వచ్చింది. చివరికి 2023లో, యాభయ్యేళ్లప్పుడు, ఆ సీన్లు కలిపిన వెర్షన్ కూడా వచ్చేదాకా వదల్లేదు. అచ్చం కేటీలాగే.

ఇంటర్వెల్‌బెల్లు
రెండో సీను ఏమిటి సార్? ఒకటే చెప్పి ఊరిస్తున్నారు.

పాతరీలు
అది చిన్నదే, మాటలు కూడా దాదాపు లేవు. కేటీ కారులో యూనివర్సిటీ పక్కనుంచి వెళ్తూ ఆగుతుంది. అక్కడొక అమ్మాయి గుంపు ముందు నిలబడి గొంతు చించుకుని ఉపన్యాసం ఇస్తుంటుంది. ఒకప్పటి తనే. ఆ అమ్మాయిని చూస్తుంటే కేటీ కళ్లు చెమరుస్తాయి. ఇక్కడ మలిబు ఇంట్లో పార్టీలిస్తూ, జుట్టు సాపు చేయించుకుని, ఎవరు ఏ జోకేసినా నవ్వుతూ తను ఏమైపోయిందో ఆవిడకి అప్పుడు తెలుస్తుంది. వాషింగ్టన్ ప్రయాణం కంటే కూడా ఆవిడ మారడానికి ఇదే అసలు మలుపని నా ఉద్దేశం.

కోడిగుడ్డుమీదఈకలు
జుట్టు మాటొచ్చింది కాబట్టి: కాలేజీలో ఉంగరాలు, న్యూయార్క్‌లో ఇస్త్రీ, మలిబులో ఇంకా సాపు, చివర్లో ప్లాజా హోటల్ ముందు కరపత్రాలు పంచేటప్పుడు మళ్లీ ఉంగరాలు. మీరు కోసేశారని ఏడుస్తున్న సీన్లన్నీ ఆ తల మీదే ఉన్నాయి. చూసుకోండి.

లావణ్య_రేడియో
ఈకలు గారూ, ఇది మాత్రం బాగా పట్టారు.

నాకైతే ఆ కోసిన సీన్లు చూడకముందే వీళ్లెందుకు విడిపోయారో అర్థమైంది. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పోయిన రోజు సీను. 1945 ఏప్రిల్. దేశమంతా ఏడుస్తోంది, కేటీకి ఇంట్లో మనిషి పోయినట్టుంది. హబెల్ స్నేహితుల డాబు ఇంట్లో గ్లాసులు పట్టుకుని రూజ్‌వెల్ట్ మీదా, ఆయన భార్య మీదా జోకులేస్తుంటారు. కేటీ కాసేపు ఓర్చుకుని, ఇక పట్టలేక పేలిపోతుంది. హబెల్‌కి కోపం ఆ జోకుల మీద రాదు, ఆవిడ మీద వస్తుంది. అందరి ముందూ అలా పరువు తీశావేమిటని.

నేను పెళ్లి చేసుకున్న మనిషిదీ నాదీ ఓటు ఎప్పుడూ ఒకటి కాదు. అది తెలిసే చేసుకున్నాం, దాని మీద సరదాగా పోట్లాడుకునేవాళ్లం. ఇబ్బంది ఎప్పుడొచ్చేదంటే ఆయన స్నేహితులు నలుగురూ చేరినప్పుడు. నేను నమ్మేవాటి మీద, నేను తిరిగే మనుషుల మీద వాళ్లు ఒకదాని మీద ఒకటి విసురుతుంటే ఈయన నవ్వేవాడు కాదు. అలాగని వద్దనేవాడూ కాదు. ప్లేటులోకి చూస్తూ కూర్చునేవాడు. రెడ్‌ఫర్డ్ ఆ సీన్లో గ్లాసులోకి చూస్తాడే, అచ్చం అదే మొహం. తర్వాత కారులో "నువ్వు పట్టించుకోకుండా ఉంటే సరిపోయేది కదా" అనేవాడు.

ఓటు వేరైతే కలిసి ఉండొచ్చు. మన పక్కన నిలబడాల్సినప్పుడు పక్కవాళ్ల మర్యాద గురించి ఆలోచించే మనిషితో కష్టం.

హబెల్‌పార్టీ
లావణ్య గారూ, మీ అనుభవం మీద మాట తూలను. సినిమా వరకే మాట్లాడతాను. ఆ స్నేహితులు వెధవలే, సందేహం లేదు. కానీ కేటీకి ప్రతిదీ యుద్ధమే. పక్కవాడు నవ్వితే యుద్ధం, తాగితే యుద్ధం, నవల రాయకపోతే యుద్ధం. హబెల్‌ని ఆవిడ ప్రేమించింది నిజమే, ప్రేమించిన మరుక్షణం నుంచీ మరమ్మతు మొదలుపెట్టింది. "నువ్వు ఇంతకంటే గొప్పవాడివి" అని రోజూ చెవిలో పోరుతుంటే ఎవడికైనా ఊపిరాడుతుందా?

ఇంటర్వెల్‌బెల్లు
ఆడుతుంది. ఊపిరే కాదు, నవల కూడా అయ్యేది. ఆవిడ పోరబట్టే ఆ రెండో నవల అన్నా మొదలైంది, లేకపోతే ఆ మహానుభావుడు పడవలోనే ఉండేవాడు.

బ్లాక్‌అండ్‌వైట్
హబెల్ గురించి ఒక మాట. అతని కథ క్లాసులో ప్రొఫెసరు చదివి వినిపిస్తాడు గుర్తుందా? తన దేశంలాగే అన్నీ తేలిగ్గా దొరికిన కుర్రాడి కథ. ఆ కుర్రాడు తనేనని అతనికి తెలుసు. కాలేజీలో ఉండగానే తన జబ్బు తనే రాసుకుని, జీవితమంతా దానికి మందు వేసుకోకుండా గడిపిన మనిషి. అది వింటున్న కేటీ, రాత్రులు కూర్చుని చచ్చీచెడీ రాసుకున్న తన కథని బయటికెళ్లి చెత్తబుట్టలో పడేసి ఏడుస్తుంది. ఆవిడ ప్రేమలో పడింది అతని మొహంతో అనుకుంటాం కానీ ఆ కాగితాలతో.

మొహం కూడా సాయపడిందనుకోండి.

పాతరీలు
బ్లాక్‌అండ్‌వైట్ గారు చెప్పిన ఆ లోతు మొదట్లో ఆ పాత్రకి లేదు. అందుకే రెడ్‌ఫర్డ్ చాలాకాలం ఒప్పుకోలేదు. "కథంతా ఆ అమ్మాయిది, నేను పక్కన అందగాడిలా నిలబడటమే కదా" అన్నది అతని అభ్యంతరం. పోలాక్ వెంటపడి ఒప్పించి, ఆల్విన్ సార్జెంట్, డేవిడ్ రేఫీల్‌ చేత హబెల్ పాత్రకి బలం పట్టించాడు. అసలు రచయిత ఆర్థర్ లారెంట్స్‌కి ఇది మింగుడుపడలేదు. ఆయన్ని మధ్యలో తీసేసి, స్క్రిప్టు చిందరవందరయ్యాక మళ్లీ పిలిచారు కూడా.

లారెంట్స్‌కి ఇది సొంత కథ. కార్నెల్ యూనివర్సిటీలో చదివేటప్పుడు యంగ్ కమ్యూనిస్ట్ లీగ్‌లో నిప్పులా ఉండే ఒక సహాధ్యాయినిని చూసి కేటీని తయారుచేశాడు. తనూ బ్లాక్‌లిస్టులో (కమ్యూనిస్టులని సినిమావాళ్లు పని ఇవ్వకుండా పక్కన పెట్టినవాళ్ల జాబితా) పడ్డవాడే. అంటే రాసినవాడు కేటీ పక్షం, తీసినవాడు హబెల్ మీద జాలిపడ్డవాడు. సినిమా రెండువైపులా లాగినట్టు ఉండటానికి కారణం అదే.

గుమ్మడిపువ్వు
ఈ కమిటీ సంగతి కాస్త విడమరిచి చెబుతారా? సినిమాలో అందరికీ తెలిసిందే అన్నట్టు నడిపించేశారు. పార్టీలో దొంగ మైకు బయటపడినప్పుడు కూడా అది ఎవరు పెట్టారో నాకు అర్థం కాలేదు.

కోడిగుడ్డుమీదఈకలు
ఎవరు పెట్టారో తెలియకపోవడమే అక్కడ భయం. ఎవరైనా కావచ్చు.

కమిటీ అంటే అమెరికా ప్రతినిధుల సభవాళ్ల అన్‌అమెరికన్ కార్యకలాపాల కమిటీ. పొట్టిగా హువాక్. 1947 అక్టోబరులో హాలీవుడ్‌వాళ్లని వాషింగ్టన్ పిలిపించి "మీరు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారా, ఎప్పుడైనా ఉన్నారా" అని అడగడం మొదలుపెట్టింది. పదిమంది రచయితలు, దర్శకులు జవాబు చెప్పం అన్నారు. వాళ్లే హాలీవుడ్ టెన్. రాజ్యాంగం మొదటి సవరణ ప్రకారం మా నమ్మకాలు అడిగే హక్కు మీకు లేదన్నారు. కాంగ్రెస్ ధిక్కారం కింద శిక్షలు పడ్డాయి, ఎనిమిదిమందికి ఏడాది, ఇద్దరికి ఆర్నెల్లు. 1947 నవంబరులోనే స్టూడియో పెద్దలు న్యూయార్క్‌లో వాల్‌డార్ఫ్ హోటల్లో సమావేశమై ఆ పదిమందికీ పని ఇవ్వం అని ప్రకటించారు. అక్కణ్ణుంచే బ్లాక్‌లిస్టు.

కేటీ వాషింగ్టన్ వెళ్లిందే, అదీ నిజంగా జరిగినదాని నీడే. హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్, జాన్ హ్యూస్టన్, జీన్ కెల్లీ, డానీ కే వగైరాలు ఆ పదిమందికి మద్దతుగా విమానమెక్కి వెళ్లారు. కొన్నాళ్లకే బోగార్ట్ "నేను కమ్యూనిస్టుని కాను" అని పత్రికలో రాసుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద హీరోకే మోకాళ్లు వణికాయి.

ఇక నా ఈక. కథ 1937 నుంచి ఒక్క గెంతులో యుద్ధం మధ్యకి వచ్చేస్తుంది. మధ్యలో 1939 ఆగస్టు ఉంది. స్టాలిన్ హిట్లర్‌తో ఒప్పందం చేసుకున్న నెల. నిన్నటిదాకా ఫాసిజం మీద యుద్ధం అన్న అమెరికా కమ్యూనిస్టు పార్టీ, కొద్ది వారాల్లోనే ఈ యుద్ధం మనది కాదంది. 1941లో హిట్లర్ రష్యా మీద పడగానే మళ్లీ మాట మార్చింది. ఆ రెండేళ్లూ కేటీ ఏం చేసింది? పార్టీలో ఉందా, వదిలేసిందా, ఏడ్చిందా? హబెల్‌ని నిలదీసినంత గట్టిగా తనని తను నిలదీసుకుందా? అది చూపిస్తే కేటీ మనిషయ్యేది. దాటవేసి, మొండిదైనా న్యాయమే పలికే అమ్మాయిని చేశారు.

లావణ్య_రేడియో
ఇది మాత్రం నిజం. నేనూ కేటీ పక్షమే కానీ ఆవిడ ఒక్కసారి కూడా రాజకీయంగా తప్పు కాకపోవడం నాకూ కాస్త అనుమానంగానే ఉంటుంది.

హబెల్‌పార్టీ
మీ ఇద్దరికీ దండాలు. ఇదే నేను చెప్పబోయింది.

స్టేషన్ సీను తీసుకోండి. యూనియన్ స్టేషన్లో గుంపు మీదపడుతుంది, తిడతారు, హబెల్ ఒకణ్ణి కొడతాడు. తన పెళ్లాన్ని అన్నందుకు చెయ్యి చేసుకున్నాడు చూశారా, పక్కన నిలబడలేదు అన్నవాళ్లూ! ఆ తర్వాత ఖాళీ రెస్టారెంటులో ఇద్దరూ వాదించుకుంటారు. హబెల్ వాదన ఏమిటి? ఇవాళ జైలుకెళ్తారు, కొన్నేళ్లు పోయాక ఇదే నిర్మాత సినిమా మునిగిపోతుంటే ఇదే కమ్యూనిస్టు రచయితని పిలిచి కాపాడమంటాడు, ఇద్దరూ కలిసి పనిచేసుకుంటారు, మధ్యలో మనుషులు నలిగిపోవడం తప్ప సాధించేదేముంది అని.

అది అక్షరాలా జరిగింది. ఆ పదిమందిలో ఒకడైన డాల్టన్ ట్రంబో పేరు 1960లో మళ్లీ తెరమీదకొచ్చింది. రింగ్ లార్డ్నర్ జూనియర్‌కి 1971లో ఆస్కారే ఇచ్చారు. మరి హబెల్ తప్పన్నదెక్కడ?

కోడిగుడ్డుమీదఈకలు
1947 నుంచి 1960. మధ్యలో పదమూడేళ్లున్నాయి సార్. ఆ పదమూడేళ్లూ దొంగపేర్లతో, చిల్లరకి రాసుకుని బతికాడు ట్రంబో. ఒక ఆస్కార్ అయితే వేరేవాడి పేరు మీద వెళ్లిపోయింది. అతను బతికాడు కాబట్టి పేరొచ్చింది. నటుడు జాన్ గార్‌ఫీల్డ్ సంగతి? 1951లో కమిటీ ముందు స్నేహితుల పేర్లు చెప్పలేదు, పనులు పోయాయి, 1952లో 39 ఏళ్లకి గుండె ఆగి పోయాడు. అతనికి ఎవరూ ఫోన్ చేసి పిలవలేదు.

ఇంకో మాట. బ్లాక్‌లిస్టు దానంతటదే చల్లారిపోలేదు. కొందరు మొండివాళ్లు ఊరుకోనందువల్ల విరిగింది. కేటీలు లేకపోతే హబెల్ జోస్యం నిజమయ్యేదే కాదు.

హబెల్‌పార్టీ
అది మంచి పాయింటే. అయినా హబెల్ అడిగేది "ఎవరు గెలిచారు" అని కాదు, "నీకూ నాకూ ఇందులో ఏమవుతుంది" అని. గర్భంతో ఉన్న భార్యని గుంపు మీదపడి తోస్తుంటే చూసిన మొగుడు అడగాల్సిన ప్రశ్నే అది.

బ్లాక్‌అండ్‌వైట్
దానికి ఆవిడ జవాబు కూడా అక్కడే ఉంది. మనుషులంటే వాళ్ల విలువలేగా, వాటిని పక్కన పెడితే ఇంకేం మిగులుతుంది అన్నట్టు. ఈ సినిమాలో అసలు విడాకులు అక్కడే అయిపోయాయి. అతనికి మనుషులు ముందు, సిద్ధాంతాలు తర్వాత. ఆవిడకి ఆ రెండూ వేరు కావు.

మా అన్నయ్య యూనియన్ నాయకుడు, మా వదిన అదే సంస్థలో యాజమాన్యం వైపు. సమ్మె రోజుల్లో ఆయన గేటు బయట నినాదాలు, ఆవిడ లోపల వాటిని లెక్కరాసుకోవడం. ఒకసారి ఆయన మీద వచ్చిన షోకాజ్ నోటీసు టైపు చేయించింది ఆవిడే. సాయంత్రం ఒకే స్కూటర్ మీద ఇంటికొచ్చేవాళ్లు. ఇప్పటికీ కలిసే ఉన్నారు. ఎలా అని అడిగితే వదిన "ఆయన నన్ను మార్చాలనుకోలేదు, నేను ఆయన్ని ఆపాలనుకోలేదు" అంటుంది. అన్నయ్య మాత్రం "నోటీసులో రెండు తప్పులున్నాయి" అంటాడు.

ఇంటర్వెల్‌బెల్లు
మీ అన్నయ్య ఈ ఫోరంలో ఈకలు అనే పేరుతో ఉన్నారేమో కనుక్కోండి.

కోడిగుడ్డుమీదఈకలు
నాకు స్కూటర్ రాదు.

నిర్వాహకుడు
ఒక సభ్యుడు ఇప్పటి పార్టీల ప్రస్తావన తెస్తూ పెట్టిన పోస్టు తొలగించాను. 1937 నుంచి యాభైల దాకా ఎంతైనా కొట్టుకోండి. ఇవాళ్టి ఎన్నికలు వద్దు.

ఇంటర్వెల్‌బెల్లు
ప్రివ్యూ చూసి కోసేశారన్నమాట.

శ్రుతిపెట్టె
ఇన్ని పోస్టుల్లో ఒక్కరూ పాట ఎత్తలేదు! అందరూ మర్చిపోతున్నదేమిటంటే ఈ సినిమాని సగం మోసింది సంగీత దర్శకుడు మార్విన్ హామ్లిష్. పాట 1974 ఫిబ్రవరిలో అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్‌లో మొదటిస్థానానికి వెళ్లింది, ఆ ఏడాది మొత్తానికీ అదే మొదటి పాట. పాటకీ, నేపథ్య సంగీతానికీ రెండూ ఆస్కార్లే. అదే రాత్రి ఇంకో సినిమాకి కూడా కలిపి హామ్లిష్ మూడు పట్టుకెళ్లాడు. పాట రాసిన భార్యాభర్తలు ఆలన్, మారిలిన్ బెర్గ్‌మన్.

ఆ ట్యూను మొదట స్ట్రైసాండ్ నోరు మూసుకుని హమ్మింగ్‌తో ఎత్తుకునేది వినండి. మాటలు తర్వాత వస్తాయి. కాలేజీ రోజులన్నీ దాని మీదే పరుగెడతాయి, పడవలో తెడ్డు వేస్తున్న హబెల్, పోస్టర్లు అంటిస్తున్న కేటీ. ప్రేమకథ అయిపోయిందని కథ మొదలవకముందే చెప్పేస్తుంది ఆ పాట.

పాతరీలు
శ్రుతిపెట్టె గారూ, నా ఫిర్యాదల్లా ఆ పాట మీదే! పోలాక్ సీన్లు కోసిన చోటల్లా ఖాళీ కనబడకుండా ఆ ట్యూనే కప్పేసింది. కారణం తెలియకపోయినా కళ్లు తుడుచుకుంటాం. గుమ్మడిపువ్వు గారు ఒక్కరే తుడుచుకున్నాక కూడా ప్రశ్న అడిగారు.

శ్రుతిపెట్టె
దాన్నే సంగీతం అంటారండీ.

గుమ్మడిపువ్వు
2023 వెర్షన్ సంపాదించి మళ్లీ చూశాను.

ఆ సీను పాతరీలు గారు చెప్పినట్టే ఉంది. హబెల్ గొంతు పెంచడు, ఆవిడా పెంచదు. ఇన్నాళ్లూ ప్రతి చిన్నదానికీ అరిచిన మనిషి ఈ ఒక్క విషయంలో లెక్కలు చెప్పినట్టు మాట్లాడుతుంది. అరిస్తే అతను ఉండిపోతాడేమోనని కాబోలు. ఇది చూశాక చివర్లో "బిడ్డ పుట్టేదాకా ఉండు" అన్నదాని అర్థమే మారిపోయింది. ముందు బతిమాలుకుంటోంది అనుకున్నాను. ఇప్పుడు చూస్తే గడువు పెడుతోంది.

అయితే ఇంకో కొత్త బాధ మొదలైంది. కేటీ త్యాగం చేసింది, సరే. హబెల్ ఒప్పుకున్నాడు కదా! "వద్దు, ఉద్యోగం పోతే పోనీ" అనలేదు కదా! కోసిన వెర్షన్లో హబెల్ చెడ్డ మొగుడు. కొయ్యని వెర్షన్లో పిరికివాడు. హబెల్‌పార్టీ గారూ, ఆ కోత కేటీకి అన్యాయం అని అందరూ అంటున్నారు, నాకైతే అది హబెల్‌ని కాపాడటానికి వేసిన కోతలా ఉంది.

లావణ్య_రేడియో
వావ్. ఇది నాకు తట్టలేదు.

హబెల్‌పార్టీ
పిరికివాడనడం తొందరపాటు. తనకి పని పోతే ఆ పాపం తన మీద ఉందని కేటీ జీవితాంతం కుమిలిపోతుందని అతనికి తెలుసు. ఇద్దరూ ఒకరి బరువు ఒకరి మీద వెయ్యకుండా విడిపోయారు. అది పెద్దరికం.

ఇంటర్వెల్‌బెల్లు
పెద్దరికం సరే. కూతురి సంగతో?

హబెల్‌పార్టీ
కూతురి సంగతేమిటి?

ఇంటర్వెల్‌బెల్లు
ఇన్నాళ్లూ జోకులేశాను, ఇది మాత్రం జోకు కాదు. ఆఖరి సీను. ప్లాజా హోటల్ ముందు. అణుబాంబు వద్దని కరపత్రాలు పంచుతోంది కేటీ. హబెల్ కొత్త అమ్మాయితో కారు దగ్గర. టీవీకి రాసుకుంటున్నాడు. దాటి వస్తాడు, కౌగిలించుకుంటారు. కేటీ ఇప్పుడు డేవిడ్ కోహెన్‌ని చేసుకుంది. హబెల్ ఏమడుగుతాడు? అతను మంచి తండ్రేనా అని. ఆవిడ చాలా మంచివాడంటుంది. ఒకసారి ఇంటికి రమ్మంటుంది, ఆ కొత్త అమ్మాయిని కూడా తీసుకురా అంటుంది. రాలేనంటాడు.

కన్న కూతురు అదే ఊళ్లో ఉంది. కమిటీ లేదు, స్టూడియో లేదు, పేర్లు చెప్పమని అడిగేవాళ్లు లేరు. దీనికి ఏ కోసేసిన సీను జవాబు చెబుతుంది? పోలాక్ గదిలో ఇంకా ఏమైనా రీళ్లున్నాయా?

పాతరీలు
లేవు. అలాంటిది తియ్యలేదు.

హబెల్‌పార్టీ
వెళ్తే వదిలి రాలేడు. అందుకే వెళ్లలేదు. ఆవిడ చేత్తో అతని నుదుటి మీద జుట్టు పక్కకి తోస్తుంది చూడండి, బార్ స్టూలు మీద నిద్రపోతున్నప్పుడు తోసినట్టే. అప్పుడు అతని మొహం చూస్తే తెలుస్తుంది. ఇంకో అయిదు నిమిషాలుంటే కుప్పకూలేవాడు.

ఇంటర్వెల్‌బెల్లు
కుప్పకూలితే నాన్నలు ఉండకూడదని ఎక్కడా లేదే? కేటీ చలిలో నిలబడి ముక్కూమొహం తెలియనివాళ్లకి కాగితాలు పంచుతోంది. ఈయన ఒక సాయంత్రం ఇంటికెళ్లి సోఫాలో కూర్చోలేడా?

బ్లాక్‌అండ్‌వైట్
అన్నీ తేలిగ్గా దొరికిన కుర్రాడు. తేలిగ్గా దొరకనిది ఎదురైతే చెయ్యి చాచడం అలవాటు లేదు.

హబెల్‌పార్టీ
ఒకే మనిషి మీద ఇంతమందా? నా పక్కన ఎవరూ లేరా ఇక్కడ?

కోడిగుడ్డుమీదఈకలు
ఉన్నాం గానీ మేమంతా ప్లేటులోకి చూస్తున్నాం.

లావణ్య_రేడియో
😂😂 ఈకలు గారూ!

శ్రుతిపెట్టె
కూతురి విషయం మీద ఇంకో దారం తెరవండి. ఇది చాలా పొడుగైపోయింది, ఫోన్లో కిందికి తోయలేక చస్తున్నాను. నేను మాత్రం ఇంటర్వెల్‌బెల్లు పక్షం.